కారును కిందికి దించితే చిక్కులు పైకి

పాత కార్ల ముస్తాబు: మేలెంత? కీడెంత? చట్టం ఏమంటున్నది?

కీసర: పాత కారు కొని, స్ప్రింగులు కోయించి, వెడల్పు చక్రాలు వేయించి, బంపరు మార్పించి, నేలను రాసుకుంటున్నట్టు తిప్పడం పట్నం శివార్లలోని కుర్రకారుకు ఒక ముచ్చటగా మారింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల షెడ్ల నుంచి ఈ ముచ్చట ఔటర్ రింగు రోడ్డు దాటి కీసర చుట్టుపక్కల పల్లెలకు కూడా చేరింది. ముచ్చటను తప్పు పట్టవలసిన పని లేదు. అయితే ఆ కారు ఆదివారం షికారుకు మాత్రమే కాక రోజూ ఉద్యోగానికి, అంగడికి, అర్ధరాత్రి అవసరమైతే ఆసుపత్రికి పోవలసిన కారైనప్పుడు సంగతి వేరు. కారును దించడం వల్ల నిజంగా ఏమి ఒరుగుతుంది, ఎక్కడ ప్రాణం మీదికి వస్తుంది, ప్రభుత్వం దేన్ని ఒప్పుకుంటుంది అన్నవి తెలుసుకోకుండానే తండ్రుల కష్టార్జితం షెడ్డు పాలవుతున్న సందర్భాలు లేకపోలేదు.

ఎత్తే హోదా అయిన రోజులు

ఒకప్పుడు మోటారు కారుకు ఎత్తే హోదా. ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా కోసం ఆర్డరిచ్చిన 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారులో వెనుక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ప్రభువు అందరికీ కనిపించాలన్నది దాని ఉద్దేశం. అది చేతికి వచ్చేలోగా, 1911లోనే ఆయన కన్నుమూశారు.

కారును కిందికి దించే సరదా అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో మెక్సికో సంతతి యువకులు 1940 దశకంలో పాత కార్లు కొని, డిక్కీలో ఇసుక బస్తాలు వేసో, స్ప్రింగులు కోసో నేలకు దించి నెమ్మదిగా ఊరేగేవారు. చక్రపు రిమ్ము కంటే కారులోని ఏ భాగమూ కిందికి ఉండరాదని ఆ రాష్ట్రం 1950 దశకం చివర్లో చట్టం చేసింది. దానికి విరుగుడుగా వారు మీట నొక్కితే లేచే, దిగే హైడ్రాలిక్ పంపులను కార్లకు అమర్చుకున్నారు. ఆ నిషేధాన్ని తొలగిస్తూ చేసిన చట్టం 2024 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అరవై ఏళ్లకు పైగా సాగిన ఈ తగాదాలో గమనించవలసిన విషయం ఒకటుంది. అక్కడి రోడ్లు నున్ననివి, కార్లు ఊరేగింపుకు ఉద్దేశించినవి. మన పల్లె రోడ్లు అలాంటివి కావు, మన కార్లు పనికి ఉద్దేశించినవి.

మన దేశంలో అసలైన స్పోర్ట్స్ కార్లు సామాన్యుల చేతికి వచ్చింది తక్కువ. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ కార్ల కాలం గడిచిన తర్వాత 1983 చివర మారుతి వచ్చింది. 1984లో వచ్చిన కాంటెస్సాను పెద్ద ఇంజను కారుగా చెప్పుకొన్నారు. 2000 ప్రాంతంలో హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6 వంటి వేగపు కార్లు వచ్చాయి. నేడు ‘పాత స్పోర్ట్స్ కారు’ అని కుర్రవాళ్లు మోజు పడుతున్నది చాలావరకు ఇలాంటి వాటి మీదనే.

ఇవి చవకగా దొరకడానికి మరో కారణం కూడా ఉంది. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిలు కార్లు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగరాదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దానితో అక్కడి పాత కార్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాల బాట పట్టాయి. అలాంటి కారు కొనేవారు అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఎన్.ఓ.సి., ఇక్కడ కట్టవలసిన లైఫ్ టాక్స్, కొత్త నంబరు లెక్కలు చూసుకోకపోతే చవక బేరం కాస్తా భారమవుతుంది.

గడ్డి బండి చెప్పే లెక్క

కారును దించడంలో అర్థమే లేదనుకోవడం పొరపాటు. ఎడ్లబండి తోలిన రైతుకు ఈ లెక్క తెలిసిందే. ఎత్తుగా గడ్డి వేసిన బండి మలుపులో ఒరుగుతుంది. అదే బరువు ఇనుప కడ్డీలను అడుగున పరిచి తోలితే బండి నిలకడగా పోతుంది. బరువు నేలకు ఎంత దగ్గరగా ఉంటే ఒరుగుడు అంత తక్కువ. పందెపు కార్లను నేలబారుగా తయారు చేసేది ఇందుకే.

అయితే మేలు ఏపాటిదో కూడా లెక్క వేయాలి. బడి పుస్తకాల్లో గరిమనాభి అని చెప్పే బరువు కేంద్రం ఒక కారులో నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కారును 3 సెంటీమీటర్లు దించితే అది 52కు వస్తుంది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు ఆ మేరకు సుమారు ఐదున్నర శాతం తగ్గుతుంది. పందెపు మైదానంలో గంటకు 150 కిలోమీటర్ల మీద తిరిగేవాడికి అది గెలుపు ఓటములను తేల్చగల తేడా. కీసర నుంచి ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాకు ఆటోల మధ్య, బస్సుల వెనుక పోయేవాడికి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

కోత పెట్టినచోటే ప్రమాదం

కారును దించే పద్ధతులు రెండు. మొదటిది ఆ కారుకే సరిపోయేలా తయారైన పొట్టి స్ప్రింగులు, వాటికి తగిన షాకబ్జర్లు కలిపి మార్చడం. ఇందులో సాధారణంగా ఒక అంగుళం, మహా అయితే ఒకటిన్నర అంగుళం దించుతారు. రెండవది ఉన్న స్ప్రింగునే కోసివేయడం. ఖర్చు తక్కువ కనుక రెండవదానికే చాలామంది మొగ్గుతారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఎనిమిది చుట్ల స్ప్రింగులో రెండు చుట్లు కోస్తే మిగిలిన ఆరు చుట్ల ముక్క మునుపటి కంటే మూడో వంతు ఎక్కువ బిరుసవుతుంది. మరోవైపు అది కుంగడానికి ఉన్న జాగా తగ్గిపోతుంది. అంటే గుంత వచ్చినప్పుడు దెబ్బను మింగవలసిన స్ప్రింగు మింగలేదు. ఆ దెబ్బ షాకబ్జరుకు, అక్కడి నుంచి బాడీకి, చివరకు కూర్చున్నవారి వెన్నుపూసకు చేరుతుంది. గ్యాస్ మంటతో కోస్తే మరో నష్టం. స్ప్రింగు ఉక్కుకు కొలిమిలో ఇచ్చిన పదును ఆ వేడికి పోతుంది. కొడవలిని నిప్పులో వేసి తీస్తే పదును పోయినట్టే ఇదీను. అలాంటి స్ప్రింగు కొన్నాళ్లకు కుంగనైనా కుంగుతుంది, విరగనైనా విరుగుతుంది.

ఇంతకంటే కనిపించని ప్రమాదాలు కూడా ఉన్నాయి. కోసిన స్ప్రింగు తన గిన్నెలో సరిగా కూర్చోదు. కారు ఎగిరి పడినప్పుడు గిన్నెలోంచి పక్కకు తప్పుకోవచ్చు. ముందు చక్రాల కోణం మారి టైర్ల లోపలి అంచులు ముందుగా అరిగిపోతాయి. పైనుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంటుంది, లోపలివైపు మాత్రం దారాలు తేలి ఉంటాయి. కొన్ని కార్లలో వెనుక బరువును బట్టి వెనుక బ్రేకుకు ఒత్తిడిని పెంచే, తగ్గించే వాల్వు ఉంటుంది. వెనుక భాగం కిందికి దిగితే బరువు ఎక్కించారని ఆ వాల్వు పొరబడుతుంది. ఖాళీ కారులో వెనుక బ్రేకు అవసరానికి మించి పట్టి, వానలో చక్రాలు బిగుసుకుని కారు అడ్డంగా తిరగవచ్చు. షెడ్డులో ఈ వాల్వును కూడా సరిచేశారా అని అడిగేవారు అరుదు.

స్పీడ్ బ్రేకరు దగ్గర తేలే సంగతి

దించిన కారుకు మన ప్రాంతంలో మొదటి పరీక్ష పెట్టేది పోలీసు కాదు, స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలోని ముక్కలా ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటడానికి దీన్ని నిర్ణయించారు.

ముందు, వెనుక చక్రాల మధ్య 2.4 మీటర్ల దూరం ఉన్న చిన్న కారు ఇలాంటి బ్రేకరు ఎక్కినప్పుడు నాలుగు చక్రాలూ దాని మీదనే ఉంటాయి. అప్పుడు రెండు ఇరుసుల నడుమ రోడ్డు ఉబ్బు లెక్క ప్రకారం 4 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. కారు అడుగున 12 సెంటీమీటర్ల జాగా ఉన్నా నెమ్మదిగా పోతే సురక్షితంగా దాటుతుంది.

కానీ పల్లెల్లో వేసే బ్రేకర్లలో చాలావాటికి ఈ ప్రమాణంతో సంబంధం లేదు. రెండడుగుల వెడల్పున, అర అడుగు ఎత్తున కాంక్రీటు కట్ట పోసి వదిలేస్తారు. దాని మీద ముందు చక్రాలు దిగి వెనుక చక్రాలు ఎక్కకముందు కారు కడుపు సరిగ్గా కట్ట మీదికి వస్తుంది. అర అడుగు అంటే 15 సెంటీమీటర్లు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు 16, 17 సెంటీమీటర్ల జాగా ఉన్న కారే బొటాబొటిగా దాటుతుంది. 5 సెంటీమీటర్లు దించిన కారు దాటలేదు. ముందుగా దెబ్బ తగిలేది ఇంజను అడుగున ఉన్న ఆయిలు చాంబరుకు. అది పగిలి ఆయిలు కారిపోయినా గమనించక నాలుగు కిలోమీటర్లు నడిపితే ఇంజను పట్టేస్తుంది. అప్పుడయ్యే ఖర్చు పాత కారు కొన్న ధరకు దగ్గరగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా తలపెట్టిన ఎత్తు వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ కాలమంతా కింది రోడ్డు మీద గుంతలతో, కంకరతో జనం పడిన అవస్థ ఈ దారిన పోయే ప్రతి ఒక్కరికీ అనుభవమే. అలాంటి దారిలో మామూలు కారే ప్రయాసతో నడుస్తుంది. వానాకాలం కల్వర్టుల మీద నీరు పారేటప్పుడు, మహాశివరాత్రికి కీసరగుట్ట జాతర రద్దీలో పొలాల్లో కార్లు నిలపవలసి వచ్చినప్పుడు నేలబారు కారు ఎంతమాత్రం పనికి రాదు.

చట్టం గీసిన గీత

ఈ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకు ఆర్.సి.లోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. కేరళలో తలెత్తిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం 182-ఎ సెక్షను ద్వారా అనుమతి లేని మార్పుకు శిక్షను నిర్ణయించింది. ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ‘ఒక్కొక్క మార్పుకు’ అన్న మాట ఇక్కడ గమనార్హం.

అన్ని మార్పులూ నిషిద్ధం కావు. ప్రభుత్వం ఆమోదించిన గ్యాస్ కిట్టును అనుమతితో బిగించుకోవచ్చు. వికలాంగులు నడపడానికి అనువుగా కారును అనుమతితో మార్పించుకోవచ్చు. రంగు మార్చుకోవచ్చు గాని, కొత్త రంగును ఆర్.సి.లో రాయించుకోవాలి. అద్దాల విషయంలో 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విదితమే. ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు సాగాలి. సైలెన్సరు మార్చి ఊరంతా మోగించడం కూడా నేరమే.

కారుకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషను పొడిగింపు తప్పదు. కారును తీసుకుపోయి పల్లెల్లో ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టరు అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారికి చూపాలి. సరిగా ఉంటే ఐదేళ్లకు పొడిగిస్తారు. ఇందుకు కేంద్రం నిర్ణయించిన రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు దీన్ని 10,000 రూపాయలకు పెంచుతూ 2025 ఆగస్టులో ఉత్తర్వులు వచ్చాయి. కోసిన స్ప్రింగులతో, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలతో కారును అక్కడికి తీసుకుపోతే తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. అందుకే కొందరు తనిఖీకి ముందు పాత సామాను బిగించి, తర్వాత మళ్లీ మారుస్తుంటారు. అధికారి కళ్లు కప్పవచ్చు గాని రోడ్డు కళ్లు కప్పలేరు.

‘పాత కారు కనుక వింటేజి కింద రాయిస్తాం’ అని నమ్మబలికేవారు కూడా ఉన్నారు. ఆ మాట నమ్మరాదు. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలకే వింటేజి హోదా లభిస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు కట్టాలి. అలాంటి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని రోజువారీ అవసరాలకు తిప్పరాదు. రూపు మార్చిన కారుకు, రోజూ తిరిగే కారుకు ఆ తలుపు మూసే ఉంది.

అసలు భారం ఎవరి మీద?

జరిమానా కంటే పెద్ద భారం బీమా దగ్గర ఉంది. కారులో చేసిన మార్పులను బీమా కంపెనీకి ముందుగా తెలపాలన్నది పాలసీల్లో సాధారణంగా ఉండే షరతు. తెలపకపోతే ప్రమాదంలో సొంత కారుకు జరిగిన నష్టాన్ని కంపెనీ నిరాకరించవచ్చు. ఇంకొకరికి ప్రాణనష్టం జరిగితే చిక్కు మరింత ముదురుతుంది. పాలసీ షరతులను ఉల్లంఘించారని తేలిన సందర్భాల్లో, బాధితులకు కంపెనీ ముందుగా చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశించడం కద్దు. ఆర్.సి. తండ్రి పేరున ఉంటే ఆ యజమాని తండ్రే. కొడుకు సరదాకు అర ఎకరం అమ్ముకోవలసిన పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు.

అలాగని చేతిపనితనాన్ని తక్కువ చేయనవసరం లేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో 2010లో ప్రారంభమైన సుధా కార్స్ మ్యూజియంలో సుధాకర్ స్వయంగా తయారు చేసిన బూటు, క్రికెట్ బ్యాటు, కెమెరా వంటి ఆకారాల బండ్లు ఉన్నాయి. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలుతో ఆయన గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. రేకు వంచడంలో, అతకడంలో మనవారి నేర్పుకు అది నిదర్శనం. అయితే అవి చూడటానికి పెట్టినవి, పిల్లలను ఎక్కించుకుని రోజూ బడికి తీసుకుపోవడానికి కావు. తేడా అదే.

చేయదగినది ఏమిటి?

పాత కారు మీద నిజమైన మోజు ఉన్నవారు ముందుగా పెట్టవలసిన ఖర్చు వేరే ఉన్నది. కొత్త టైర్లు, బ్రేకు షూలు, ప్యాడ్లు, షాకబ్జర్లు, అరిగిన రబ్బరు బుష్షులు, తుప్పు పట్టిన అడుగు రేకు వీటికి మొదటి స్థానం. ఇవి బాగుపడితే కంపెనీ ఎత్తులోనే కారు సగం కొత్తదిలా నడుస్తుంది. తర్వాత డెంటింగ్, పెయింటింగ్, సీట్లు, లోపలి ముస్తాబు చేయించుకోవచ్చు. వీటిలో చాలావాటికి చట్టం అడ్డురాదు, స్పీడ్ బ్రేకరూ అడ్డురాదు.

దించిన కారును ఇతరుల నుంచి కొనేవారు నాలుగు పరీక్షలు చేయాలి. కారును జాకీతో లేపి స్ప్రింగు చివరలు చూడాలి. కంపెనీ చివర నునుపుగా ఉంటుంది, కోసిన చివర గరుకుగా, కొన్నిచోట్ల మంటకు నల్లబడి ఉంటుంది. టైర్ల లోపలి అంచులు చేతితో తడమాలి. ఆయిలు చాంబరు మీద సొట్టలు, అతుకులు ఉన్నాయేమో చూడాలి. ఆర్.సి.లోని రంగు, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండితో సరిపోల్చాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా బేరం వదులుకోవడం ఉత్తమం.

అధికారుల బాధ్యత కూడా లేకపోలేదు. రోడ్డు మీద కుర్రవాడిని ఆపి జరిమానా రాయడం సులభం. స్ప్రింగు కోసిన షెడ్డుకు చట్టం తెలియజెప్పడం, తనిఖీ సమయంలో కారు అడుగు భాగాన్ని చూడటం అంతకంటే అవసరం. గ్రామాల్లో ఇష్టం వచ్చినట్టు పోసిన స్పీడ్ బ్రేకర్లను ప్రమాణం ప్రకారం సరిచేయడం రోడ్లు, పంచాయతీరాజ్ శాఖల పని. ఆ కట్టలు దించిన కార్లకే కాదు, నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకుపోయే ఆటోకు కూడా శత్రువులే.

కారు ఎంత కిందికి ఉందన్నది చూపరులకు సంబంధించిన విషయం. అది పోవలసిన చోటికి పోయి, అందులోని వారిని క్షేమంగా ఇంటికి తిరిగి తెస్తుందా అన్నది ఇంటివారికి సంబంధించిన విషయం. షెడ్డులో డబ్బు కట్టే ముందు తండ్రీ కొడుకులు కూర్చుని ఈ రెండింటిలో ఏది ముఖ్యమో తేల్చుకుంటే, మిగిలిన లెక్కలన్నీ వాటంతట అవే తేలిపోతాయి.